‘వర్జిన్’ అన్న మాటను స్పానిష్‌లో ఏమనాలి?

(స్పానిష్ నేర్చుకుంటున్న విద్యార్థులకు, కొత్తగా అనువాదంలోకి, దుబాసీ పనిలోకి వస్తున్నవారికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో శబరిమల వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మొదటిసారి మాల వేసుకున్నప్పుడు మిమ్మల్ని ఏమని పిలిచారు? కన్నెస్వామి. అవునా? మా మేనమామ యాభై రెండో ఏట మొదటిసారి మాల వేసుకున్నాడు. అప్పటికి ఇద్దరు కూతుళ్లు, ఒక మనవడు. ఊరంతా ఆయన్ని కన్నెస్వామీ అనే పిలిచింది. ఎవరికైనా తేడాగా అనిపించిందా? లేదు. అక్కడ ‘కన్నె’ అంటే మొదటిసారి అని, అంతే. అదే మాట కన్నెపిల్ల అన్నప్పుడు వేరు. కన్యాదానం అన్నప్పుడు వేరు. కన్యారాశి అన్నప్పుడు వేరు. వాసవీ కన్యకా పరమేశ్వరి అన్నప్పుడు చేతులు జోడిస్తాం. ఒక్క మాట ఇన్ని చోట్ల తిరుగుతోంది, మనకి ఏ తికమకా లేదు. ఎందుకంటే ఆ మాటతో పాటే పెరిగాం.

స్పానిష్‌తో పాటు పెరగలేదు కదా మనం. అందుకని ప్రతి ఏడూ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు: ‘వర్జిన్‌కి స్పానిష్‌లో ఏంటండీ? ఒక్క మాటలో చెప్పండి, రాసుకుంటాం.’ ఒక్క మాటలో చెప్పమంటే చెప్పగలను. బీర్‌హెన్. రాసుకున్నారా? ఇప్పుడు ఆ రాసుకున్నదాని వల్ల ఎన్ని చోట్ల దెబ్బ తింటారో చెప్పడానికే ఈ గంట.

మాట సంగతి ముందు చూద్దాం, త్వరగా. లాటిన్‌లో విర్గో. అందులోంచి స్పానిష్ బీర్‌హెన్. రాసేటప్పుడు మొదట ‘వి’ అక్షరమే, పలికేటప్పుడు ‘బ’. మధ్యలో ‘జి’, కానీ ‘ఇ, ఎ’ల ముందు ఆ అక్షరం గొంతులోంచి వచ్చే ‘హ’. ఏకవచనంలో అచ్చు మీద ఊనిక గుర్తు, అంటే ఆ చిన్న గీత, లేదు. బహువచనం బీర్‌హెనెస్, దీనికి మొదటి అచ్చు మీద గుర్తు పెట్టి తీరాలి. పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. హోబెన్ అంటే యువకుడు, బహువచనం హోబెనెస్ అన్నప్పుడు గుర్తు వస్తుంది కదా, ఇదీ అలాగే.

ఇంకొకటి. మన ‘కన్య’ ఆడపిల్లకే. మగవాడికి బ్రహ్మచారి అంటాం, కానీ అది పెళ్లి కానివాడు అన్న అర్థం దగ్గరే ఎక్కువగా ఆగుతుంది. స్పానిష్ బీర్‌హెన్‌కి ఆ తేడా లేదు. ఎల్ ఎస్ బీర్‌హెన్, ఎయ్యా ఎస్ బీర్‌హెన్. అతనైనా ఆమె అయినా మాట మారదు. కథలో ఒక కుర్రాడు స్నేహితుడి దగ్గర తలొంచుకుని ఆ మాట అంటే, దాన్ని తెలుగులో ‘నేను కన్యను’ అని రాయలేం. ‘నాకింకా ఏ అనుభవం లేదు’ అనాలి. అలా చెప్తేనే ఆ కుర్రాడు తెలుగు కుర్రాడిలా మాట్లాడతాడు.

ఇప్పుడు చెప్పబోయేది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. చాలా ఏళ్ల కిందట మొదటి సంవత్సరం క్లాసు. పరిచయాల పాఠం. పేరు, ఊరు, వయసు, చివర్లో రాశి. పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్తున్నారు. ఒకమ్మాయిది కన్యారాశి. ఇంటి దగ్గర నిఘంటువు చూసుకుని వచ్చింది. లేచి నిలబడి, చక్కటి ఉచ్చారణతో, ‘సొయ్ బీర్‌హెన్’ అంది. దానర్థం ఆ పిల్ల తన ఒంటి సంగతి నలభై మంది ముందు చెప్పుకున్నట్టు. అర్థమైన నలుగురైదుగురు నవ్వారు. పక్కవాళ్లకి చెప్పారు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల రెండు వారాలు క్లాసులో నోరు విప్పలేదు. తప్పెవరిది? రాశుల పేర్లు బోర్డు మీద రాయకుండా ఆ ప్రశ్న అడిగిన నాది.

అందుకని ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. రాశి పేరు బీర్గో. లాటిన్ మాటే దాదాపు అలాగే నిలిచిపోయింది. ‘సొయ్ బీర్గో’ అంటే మాది కన్యారాశి. ‘సొయ్ బీర్‌హెన్’ అంటే వేరే. పోనీ బీర్గో అన్న మాట పూర్తిగా నిరపాయకరమా అంటే, అదీ కాదు. చిన్న అక్షరంతో రాసిన బీర్గోకి పాత స్పానిష్‌లో కన్నెపొర అన్న అర్థం ఉంది, నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. పాత పుస్తకాలు చదివేవాళ్లకి అది ఎదురవుతుంది. వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూసుకోండి.

సరే. ఇప్పుడు ఈ సీసా చూడండి. మా వంటింట్లోంచి తెచ్చాను. ముందు వరసలో ఉన్నమ్మాయి, ఇలా తీసుకోమ్మా. ముందు పక్క ఏముందో చదువు. ‘అసేయితే దే ఒలీబా బీర్‌హెన్ ఎక్స్‌త్రా.’ బాగుంది. మనం బజార్లో ఏమంటాం? ఎక్స్‌ట్రా వర్జిన్. స్పెయిన్ సీసా మీద వరస మారిపోయింది చూశారా? బీర్‌హెన్ ముందు, ఎక్స్‌త్రా తర్వాత. లాటిన్ అమెరికాలో ‘ఎక్స్‌త్రా బీర్‌హెన్’ అనడం కూడా వింటారు. కానీ స్పెయిన్ సరుకు గురించి రాస్తున్నప్పుడు వాళ్ల వరసే వాడండి.

ఇప్పుడు వెనక తిప్పి ఆ చిన్న అక్షరాలు చదువు. కష్టంగా ఉందా? నేను చెప్తాను. ‘నేరుగా ఆలివ్ కాయల నుంచి, కేవలం యాంత్రిక పద్ధతుల్లో తీసిన ఉన్నత శ్రేణి నూనె’ అని ఉంటుంది. యూరప్‌లో ఇది చట్టం ప్రకారం రాయాల్సిన మాట, కంపెనీ ప్రచారం కోసం రాసుకున్నది కాదు. ఇక్కడ బీర్‌హెన్ అంటే ఏమిటి? కాయని నూరారు, నూనె విడదీశారు, అంతే. రసాయనాలు పోయలేదు, శుద్ధి కర్మాగారంలో వేసి రంగూ వాసనా తీసేయలేదు. మన గానుగ నూనె లాంటి మాట. మా అమ్మమ్మ ‘గానుగాడించిన నూనె’ అనేటప్పుడు ఆమె గొంతులో ఒక నమ్మకం ఉండేది, ఆ నమ్మకమే ఈ బీర్‌హెన్‌లో ఉంది.

అందులోనూ మెట్లున్నాయి. ఎక్స్‌త్రా అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటకూడదు. అది చాలదు, రుచి చూసేవాళ్ల బృందం ఒక్క లోపం కూడా లేదని తేల్చాలి, పండు వాసన ఉండి తీరాలి. రుచి చూసే గ్లాసు ఎక్కువగా ముదురు నీలం రంగులో ఉంటుంది. ఎందుకో తెలుసా? నూనె ఆకుపచ్చగా ఉందా పసుప్పచ్చగా ఉందా అన్నది కంటికి కనబడకూడదు. కంటికి కనబడితే నాలుక అబద్ధం చెప్తుందని. ఆమ్లత 2 శాతం దాకా ఉండి, చిన్న చిన్న లోపాలుంటే ఉత్త బీర్‌హెన్. అదీ దాటితే దాని పేరు లాంపాంతే. లాంపరా అంటే దీపం. తినడానికి పనికిరాదు, ఒకప్పుడు దీపాల్లో పోసేవారు, ఆ పేరే నిలిచిపోయింది. దాన్ని శుద్ధి చేసి, కొంత బీర్‌హెన్ నూనె కలిపి అమ్మితే సీసా మీద ఉత్త ‘అసేయితే దే ఒలీబా’ అనే ఉంటుంది. అంటే ఆ ఒక్క మాట సీసా మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి లోపలున్న నూనె మారిపోతుంది. అనువాదంలో ఆ మాట జారవిడిచారనుకోండి, సరుకే మార్చేసినట్టు. ఇది అందం కోసం వేసిన విశేషణం కాదు.

ఇంకో సంగతి, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు కాబట్టి చెప్తున్నాను. తెలుగులో రాసేటప్పుడు ‘కన్య ఆలివ్ నూనె’ అని రాయకండి. నేను అచ్చులో చూశాను. చదివేవాడికి ఏమీ తెలియదు. ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని తెలుగులిపిలో రాయండి, కొట్టువాడికీ అర్థమవుతుంది, వండేవాళ్లకీ అర్థమవుతుంది.

ఈ సీసా చాలా విషయం చెప్పింది మనకి. నేను మొదట్నించీ చెప్పాలనుకున్న ముక్క ఇదే. బీర్‌హెన్ అన్న మాట ఎదురైతే, ‘దీనికి ఇంకా ఏం జరగలేదు?’ అని అడగండి. మళ్లీ చెప్తున్నా. ‘దీనికి ఇంకా ఏం జరగలేదు?’ ఆ ప్రశ్నకి జవాబు దొరికితే తెలుగు మాట కూడా దొరుకుతుంది.

లానా బీర్‌హెన్. లానా అంటే ఉన్ని. దీనికి ఏం జరగలేదు? ఇంతకుముందు బట్టగా నేసి, చింపి, మళ్లీ వడికింది కాదు. గొర్రె ఒంటి మీంచి వచ్చిన కొత్త ఉన్ని. సేరా బీర్‌హెన్, తేనెపట్టు నుంచి తీసిన మైనం, ఇంకా ఏ పనికీ వాడనిది. నియేబే బీర్‌హెన్, మంచు, ఇంకా ఎవరూ అడుగు పెట్టనిది. తియెర్రా బీర్‌హెన్, ఇంకా నాగలి దిగని నేల. సీంతా బీర్‌హెన్, ఇది మీలో పెద్దవాళ్లకి తెలుస్తుంది. ఖాళీ క్యాసెట్. ఇంకా ఏమీ రికార్డు చేయనిది. సీడీలకీ అదే మాట వాడారు. పాటల షాపుకెళ్లి ‘ఖాళీ క్యాసెట్ ఒకటివ్వండి’ అనేవాళ్లం కదా, అక్కడ బీర్‌హెన్ అనేవారు. నలుగురి మధ్య అన్నా ఎవరూ తల తిప్పి చూడరు. ప్లాయా బీర్‌హెన్ అంటే హోటళ్లూ రోడ్లూ రాని సముద్రతీరం.

సెల్బా బీర్‌హెన్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సెల్బా అంటే అడవి. మనం కారడవి, కీకారణ్యం అంటాం. మాట బాగానే ఉంది. కానీ నా ప్రశ్న వెయ్యండి దానికి. దీనికి ఏం జరగలేదు? ‘మనిషి చెయ్యి పడలేదు’ అంటారు. ఏ మనిషి? అమెజాన్ అడవిని ఎన్నో స్పానిష్ రాతల్లో సెల్బా బీర్‌హెన్ అనే రాశారు. అక్కడ వేల ఏళ్లుగా జనం ఉన్నారు. వాళ్లు బొగ్గు, ఎముకలు, వంటింటి చెత్త కలిపి తయారుచేసిన నల్లమట్టి ఆ అడవిలో చాలా చోట్ల ఇప్పటికీ ఉంది. శాస్త్రజ్ఞులు తవ్వి చూపించారు. అంటే అక్కడ మనుషుల చేతులు పడ్డాయి. పడలేదని రాసినవాళ్లకి ఆ చేతులు కనబడలేదు. మన నల్లమల చెంచులని అడిగి చూడండి, ‘మీ అడవిలో మనిషి చెయ్యి పడలేదట, నిజమేనా’ అని. అందుకని పాత పుస్తకం అనువాదం చేస్తే ఆ మాట ఉన్నట్టే ఉంచండి, అది ఆ రచయిత మాట. మీ సొంత వ్యాసంలో మాత్రం నేనైతే వాడను. ‘బోస్కే ప్రిమారియో’ అని శాస్త్రం వాడే మాట ఉంది. నరికి మళ్లీ పెంచినది కాని తొలి అడవి అని. అది వాడండి.

ఇప్పుడు రెండో వైపు. అసలు బీర్‌హెన్ వాడకూడని చోట్లు. ఇంగ్లీషులో కన్నె అన్న అర్థం ఉన్న ‘మెయిడెన్’ అనే మాట ఉంది. క్రికెట్ వల్ల మనందరికీ తెలుసు, మెయిడెన్ ఓవర్. ఓడ మొదటి ప్రయాణానికీ అదే, చట్టసభలో మొదటి ప్రసంగానికీ అదే, పెళ్లికి ముందు ఇంటిపేరుకీ అదే. దాన్ని తీసుకెళ్లి స్పానిష్‌లో బీర్‌హెన్ అని పెడితే ఎదుటివాడు బిత్తరపోతాడు. ఓడ మొదటి ప్రయాణం ‘బియాహే ఇనావుగురాల్’. ప్రారంభ ప్రయాణం. టైటానిక్ గురించి రాసినా అంతే. మొదటి ప్రసంగం ‘ప్రిమేర్ దిస్కుర్సో’, మొదటి ప్రసంగమే. ఇల్లు ఇంకా ఎవరూ కాపురం ఉండనిది అయితే ‘సిన్ ఎస్త్రెనార్’. ఎస్త్రెనార్ అంటే కొత్తదాన్ని మొదటిసారి వాడటం. పండక్కి కొత్తబట్టలు కట్టుకోవడం ఉంది చూశారా, ఆ ఆనందం ఉన్న మాట అది. మందు కలపని పానీయానికి ‘సిన్ ఆల్కోల్’ అనండి, ఏ దేశంలోనైనా చెల్లుతుంది. ‘బీర్‌హెన్’ అనేవాళ్లు కూడా ఉన్నారు గానీ.

పుట్టింటి ఇంటిపేరు ‘అపెయీదో దే సొల్తేరా’. సొల్తేరా అంటే పెళ్లి కాని స్త్రీ. ఇక్కడొక పక్క విషయం. స్పెయిన్‌లో ఆడవాళ్లు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోరు. ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. చచ్చేదాకా అవే. మరి వీసా ఫారాల్లో ‘పెళ్లికి ముందు ఇంటిపేరు’ అని కనబడితే వాళ్లకి అదొక వింత ప్రశ్న. మనకి కాదు. అందుకని మీరు ఫారం నింపించేటప్పుడు ‘ఉన్న పేరే రాయండి’ అని కాస్త చెప్పాల్సి వస్తుంది.

సరే, ఇప్పుడు పెద్ద అక్షరం. ‘లా బీర్‌హెన్’ అని పెద్ద అక్షరంతో రాస్తే ఇంకెవరూ కాదు, మరియమాత. పేరు చెప్పక్కర్లేదు. మనం ‘అమ్మవారు’ అంటే సరిపోతుంది కదా, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి అమ్మవారు. బెజవాడలో కనకదుర్గమ్మ, సికింద్రాబాద్‌లో మహంకాళి. అచ్చం అలాగే ప్రతి ఊరికీ ఒక బీర్‌హెన్. మెక్సికోలో గ్వాదలూపే. 1531లో తెపెయాక్ కొండ మీద హువాన్ దియేగో అనే ఆదివాసీకి కనబడిందని నమ్మకం, పండగ డిసెంబరు 12. స్పెయిన్‌లోని సారగోసాలో పిలార్, అక్టోబరు 12. జాలరులకి కార్మెన్, జూలై 16న విగ్రహాన్ని పడవలో ఎక్కించి సముద్రంలోకి తీసుకెళ్తారు. మన గుణదలలో ఫిబ్రవరిలో లూర్దుమాత తిరునాళ్లకి జనం కొండెక్కడం చూసినవాళ్లకి ఇదంతా కొత్తగా ఉండదు.

సెవిల్యా నగరంలో ఈస్టరు ముందు వారం మకరేనా అమ్మవారిని ఊరేగిస్తారు. జనం ఏమని అరుస్తారో తెలుసా? ‘గ్వాపా! గ్వాపా!’ అంటే అందగత్తెవి అని! మీరు ఆ సన్నివేశం అనువదిస్తూ బీర్‌హెన్‌ని ‘కన్య’ అని రాశారనుకోండి, ఏమవుతుంది? వీధిలో ఒక పెళ్లికాని పిల్లని చూసి జనం అరుస్తున్నట్టు అవుతుంది. ‘మరియమాత’ అనో ‘మకరేనా మాత’ అనో రాయండి. భక్తి ఉన్నచోట పిలుపు మాట కావాలి, అర్థం చెప్పే మాట కాదు.

ఈ అమ్మవార్ల పేర్లే ఆడపిల్లలకి పెడతారు. పిలార్ అంటే స్తంభం. దొలోరెస్ అంటే దుఃఖాలు. సొలెదాద్ అంటే ఏకాంతం. కొన్సువేలో, ఓదార్పు. రెమేదియోస్, ఉపశమనాలు. కన్నబిడ్డకి దుఃఖాలు అని పేరు పెట్టారేమిటని ఆశ్చర్యపోకండి. అది ‘దుఃఖాల మాత’ పేరు. మనం పిల్లకి పోలేరమ్మ పేరు పెట్టుకున్నట్టు.

ఇన్మాకులాదా అన్న పేరు దగ్గర చదువుకున్నవాళ్లు కూడా పొరపాటు పడతారు. ఇన్మాకులాదా కొన్సెప్సియోన్, డిసెంబరు 8 పండగ. యేసు కన్యకి పుట్టడం గురించని అనుకుంటారు. కాదు. మరియమ్మ తన తల్లి కడుపులో పడ్డప్పుడే జన్మపాపం అంటలేదు అన్న నమ్మకం అది, 1854లో పోపు దాన్ని సిద్ధాంతంగా ప్రకటించారు. ఆ రెండూ కలిపేయకండి.

సామెత ఒకటి చెప్పి ఇక్కణ్నించి కదులుతాను. ‘ఫీయాతే దే లా బీర్‌హెన్ ఈ నో కొర్రాస్.’ మాటకి మాట పెడితే, అమ్మవారిని నమ్ముకుని పరిగెత్తకుండా కూర్చో. తెలుగులో ఏమంటాం? ఎవరో అన్నారు, గట్టిగా అనండి. అదీ! ‘గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ’ అన్నట్టు. శభాష్. ఇంతకంటే మంచి అనువాదం నా దగ్గర లేదు. చూడండి, అందులో కన్యా లేదు, మరియా లేదు, పరుగూ లేదు. అయినా మొత్తం వచ్చేసింది.

భూగోళంలో కూడా ఉంది. ఇస్లాస్ బీర్‌హెనెస్, వర్జిన్ దీవులు. 1493లో కొలంబస్ ఆ దీవులు లెక్కలేనన్ని చూసి, పునీత ఊర్సులా, ఆమెతో చనిపోయిన పదకొండు వేల మంది కన్యల కథ తలచుకుని ఆ పేరు పెట్టాడు. 1520లో నావికుడు మెజెల్లాన్ దక్షిణ అమెరికా కొసన జలసంధి మొదట్లో ఒక అగ్రం చూసింది అక్టోబరు 21న, సరిగ్గా ఆ ఊర్సులా పండగ రోజు. అదీ కాబో బీర్‌హెనెస్ అయింది. ఇవి పేర్లు. వీటిని ‘కన్యల దీవులు’ అని తెనిగించే పని పెట్టుకోవద్దు.

ఇక దోన్సెయా. నాకు చాలా ఇష్టమైన మాట. లాటిన్‌లో దోమినా అంటే ఇంటి యజమానురాలు. ‘చిన్న దోమినా’ అన్న రూపంలోంచి దోన్సెయా వచ్చింది. మొదట గౌరవం ఉన్న ఇంటి పిల్ల. తర్వాత పెళ్లి కాని, మగవాడి స్పర్శ ఎరగని పిల్ల. ఆ తర్వాత దొరసాని దగ్గర బట్టలు అందించే పిల్ల. ఇవాళ ఒక సంపన్నుల ఇంట్లో దోన్సెయా అంటే పనిమనిషి. యజమానురాలి దగ్గర మొదలై పనిమనిషి దగ్గరికి వచ్చింది. ఫ్రాన్స్ వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ మాత్రం ఎప్పటికీ ‘లా దోన్సెయా దే ఓర్లెయాన్స్’. అక్కడ పనిమనిషి అన్నారంటే ఇక చెప్పేదేముంది!

1605లో వచ్చిన స్పానిష్ నవల దోన్ కిహోతే రెండో అధ్యాయంలో ఈ మాట చేసిన పని చూడండి. వీరుణ్నని తనకు తానే అనుకున్న ఆ పెద్దమనిషి చీకటిపడే వేళకి ఒక పూటకూళ్ల ఇంటికి వస్తాడు. అది అతని కంటికి కోట. వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. దారినపోయే మగవాళ్ల కోసం నిలబడ్డవాళ్లు. ఇనప తొడుగుతో వస్తున్న ఈ మనిషిని చూసి భయపడి లోపలికి పోబోతారు. అతను ముఖం మీది అట్ట తొడుగు ఎత్తి, ‘భయపడకండి, మీవంటి ఉత్తమ దోన్సెయాలకు నేను హాని చేయను’ అంటాడు. వాళ్లు ఆ మాట విని నవ్వు ఆపుకోలేకపోతారు. తమ బతుక్కీ ఆ మాటకీ అంత దూరం. అతనికి కోపం వస్తుంది.

ఇప్పుడు తెలుగులో అక్కడ ఏం పెడతారు? ‘అమ్మాయిల్లారా’ అంటే వాళ్లు ఎందుకు నవ్వారో తెలియదు. ‘కన్యలారా’ అంటే నవ్వు వస్తుంది, కానీ ఆ వీరుడి గొంతులో మర్యాద పోతుంది. నేను ‘కన్యామణులారా’ అంటాను. ఆ పాత గ్రాంథికపు బరువులో అతని పిచ్చీ ఉంటుంది, మర్యాదా ఉంటుంది. మర్యాద చాలా ముఖ్యం. ఎందుకంటే ఆ ఇద్దరినీ ఆ పేరుతో పిలిచినవాడు ఆ రాత్రి అతనొక్కడే.

బైబిల్‌లో కూడా ఇదే పేచీ. యెషయా 7వ అధ్యాయం 14వ వచనం. హీబ్రూలో అక్కడున్న మాట ‘అల్మా’, యువతి అని. కన్య అని కచ్చితంగా చెప్పడానికి వాళ్లకి ‘బెతులా’ అని వేరే మాట ఉంది. గ్రీకులోకి పాత అనువాదకులు ‘పార్తెనోస్’ అని తెచ్చారు, అంటే కన్య. మత్తయి సువార్త ఆ గ్రీకు మాటనే ఎత్తుకుంది. 1960 నాటి రెయినా-వలేరా స్పానిష్ బైబిల్ యెషయాలో బీర్‌హెన్ అంది. జెరూసలేం బైబిల్ స్పానిష్ పాఠం దోన్సెయా అంది. మన తెలుగు బైబిల్ ‘కన్యక గర్భవతియై’ అంటుంది. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరి విశ్వాసం, ఎవరి పరిశోధన వాళ్లది. మీరు ఒక ప్రసంగం అనువదిస్తుంటే ఆ బోధకుడు చేతిలో పట్టుకున్న బైబిల్ ఏదో ముందు చూడండి. ఆయన దోన్సెయా అని చదివితే మీరు అలవాటు కొద్దీ కన్య అనేయకండి. ఆయన వాదమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తూ ఉండొచ్చు.

కాస్తా అన్న మాట గురించి అడిగారు ఇందాక బయట. కాస్తో, కాస్తా అంటే శీలం గల అని. పెళ్లైన ఆవిడ కూడా కాస్తా కావచ్చు, మన పతివ్రత లాగా. బీర్‌హెన్ వేరు. అదే రూపంలో నామవాచకం కూడా ఉంది, కాస్తా అంటే వంశం, జాతి. పోర్చుగీసువాళ్లు మన దేశానికి వచ్చి ఇక్కడి కులాలని చూసి వాళ్ల భాషలోని ఆ మాటే వాడారు, అది ఇంగ్లీషులోకి క్యాస్ట్‌గా పోయింది. ఆ సంగతి ఇంకో రోజు చెప్పుకోవాలి, గంట చాలదు.

చివరిగా, మీలో అమెరికాలో దుబాసీ పని చేయబోతున్నవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నాను. ఆసుపత్రి గది. డాక్టరుకి స్పానిష్ రాదు. ఎదురుగా గ్వాటెమాలానో మెక్సికోనో, ఒక పదిహేడేళ్ల పిల్ల, పక్కన తల్లి. డాక్టరు ఇంగ్లీషులో అడుగుతాడు, వర్జినా అని. మీ నాలుక మీదకి వెంటనే వచ్చేది బీర్‌హెన్. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ పిల్ల చెవికి అది చర్చిలో వినే మాట, మరియమాత మాట. దానికి ‘కాదు’ అని చెప్పడమంటే తల్లి ముందు తన పరువు తనే తీసుకోవడం. ‘అవును’ అనేస్తుంది. డాక్టరు దాన్ని నమ్మి మందు రాస్తాడు.

ఇంకో చిక్కు. లాటిన్ అమెరికాలో చాలా చోట్ల సభ్యంగా అడగాలని ‘సెన్యొరీతానా?’ అంటారు. తోదావియా ఎస్ సెన్యొరీతా, ఇంకా సెన్యొరీతానే, అంటే కన్యే అని అర్థం. కానీ ‘యా ఎస్ సెన్యొరీతా’, ఇప్పుడు సెన్యొరీతా అయింది, అంటే పెద్దమనిషి అయిందని. మన ‘పెద్దమనిషి అయింది’ అన్న మాటే. పైగా ఉత్తప్పుడు అది ‘కుమారి’ అన్న మర్యాద పిలుపు. మూడు అర్థాలున్న మాటతో డాక్టరు గదిలో ప్రశ్న అడగకూడదు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల, మహిళా విభాగాలు కలిసి స్పష్టంగా చెప్పాయి, కన్యాత్వం వైద్యశాస్త్రపు మాట కాదని, దాన్ని తేల్చే పరీక్ష అంటూ ఏదీ లేదని, అలాంటి పరీక్షలు ఆపేయాలని. మరి డాక్టరుకి నిజంగా కావలసిందేమిటి? గర్భం వచ్చే అవకాశం ఉందా, ఏదైనా అంటుకునే అవకాశం ఉందా. దానికి అడగాల్సింది, ‘ఆ తెనీదో రెలాసియోనెస్ సెక్సువాలెస్?’ లైంగిక సంబంధం ఎప్పుడైనా కలిగిందా. జరిగిందా లేదా అన్న ప్రశ్న. మంచి చెడ్డల తూకం అందులో లేదు. పదిహేడేళ్ల పిల్లనైనా ‘ఉస్తెద్’ అనే అడగండి, మన ‘మీరు’. దుబాసీ డాక్టరు మాట సొంతంగా మార్చకూడదు అంటారు, నిజమే. అందుకని ముందుగా డాక్టరు వైపు తిరిగి, ‘ఆ మాట ఈ భాషలో మరోలా వినబడుతుంది, ఇలా అడగమంటారా’ అని అనుమతి తీసుకోండి. అర నిమిషం పని. ఆ అర నిమిషంలోనే ఇంకొకటి కూడా చెప్పండి: తల్లిగారిని కాసేపు బయట కూర్చోమని డాక్టరుగారే అడిగితే బాగుంటుందని. ఆవిడ బయటికి వెళ్లి, తలుపు మూసుకున్నాక, అప్పుడు ఆ ప్రశ్న అడగండి.